పసుపంటిన రొట్టె

శుక్రవారం ఉదయం పూజ ముగించి హారతి పళ్ళెం దించుతుంటే ఫోన్ మోగింది. దోహా పక్కన అల్ రయ్యాన్‌లో మేం ఇప్పుడుంటున్న ఇంటికి శుక్రవారం పొద్దున వచ్చే ఫోన్లన్నీ హైదరాబాదు నుంచే. పిల్లలేమో అనుకుని తీశాను. అవతల ఒకావిడ ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ మాట్లాడుతోంది. ఒకప్పుడు దుఖాన్‌లో మా పక్కింట్లో ఉన్న తేత్కా కూతురినని చెప్పింది. "అమ్మ బుధవారం పోయింది. నిద్రలోనే. మీకు తప్పకుండా చెప్పమని ముందే అంది" అని ఆగిపోయింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో అలాంటప్పుడు అనవలసిన మాటలు లేవు. "అయ్యో తల్లీ" అన్నాను తెలుగులోనే. ఆ అమ్మాయికి అర్థమైనట్టే ఉంది, కాసేపు ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి మళ్ళీ దీపం దగ్గర కూర్చున్నాను. ఆవిడ మతం వేరు, ఆవిడ దేవుడి పేరు వేరు. అయినా పోయినవాళ్ళ కోసం దీపం పెట్టాలన్న నమ్మకం మా ఇద్దరికీ ఉండేది. ఆవిడ కోసం ఇంకొక వత్తి వేశాను.

తేత్కా అంటే వాళ్ళ భాషలో పిన్నిలాంటి పిలుపు. వాళ్ళది మాసిడోనియా. దుఖాన్‌కి వచ్చినప్పుడు పాస్‌పోర్టు మీద యుగోస్లావియా అని ఉండేది. ఆ మరుసటి ఏడే ఆ దేశం ముక్కలైంది. "బయల్దేరిన దేశం ఒకటి, తిరిగి వెళ్ళాల్సిన దేశం ఒకటి, ఇల్లు మాత్రం అదే" అని నవ్వేవారు ఆవిడ. ఆవిడ భర్త దుఖాన్ చమురు కంపెనీలో ఇంజనీరు. మావారు అదే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. కంపెనీ ఇచ్చిన ఇళ్ళు గోడలు కలిసి వరసగా ఉండేవి. రెండు పెరళ్ళకీ మధ్య నా భుజాల ఎత్తు గోడ. మా పిల్లలిద్దరూ హైదరాబాదులో హాస్టల్లో ఉండేవారు కనుక పగలంతా ఆ గోడ పక్కనే నాకు కాలక్షేపం.

నేను పదో తరగతి దాకా చదువుకున్న మనిషిని. రాయడం అలవాటు లేదు. ఆవిడ గురించి తెలుగులో రాస్తే ఆవిడ వాళ్ళెవరూ చదవలేరని కూడా తెలుసు. అయినా ఆవిడ చేతి రొట్టె తిన్నవాళ్ళలో ఒక తెలుగింటి మనిషి కూడా ఉందని ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది.

మొదటి పరిచయం మిరపకాయల వల్ల. మజ్జిగలో ఊరిన మిరపకాయలు పెరట్లో చాప మీద ఎండబోశాను. గోడ మీదుగా తెల్లటి గుడ్డ కట్టుకున్న తల ఒకటి పైకి లేచింది. ఎర్రటి బుగ్గలు, నవ్వే కళ్ళు. మిరపకాయలు చూపించి, తన నోరు చూపించి, చెయ్యి చాపారు. ఒకటి ఇచ్చాను, కారం అని సైగ చేశాను. ఆవిడ దాన్ని కరకర నమిలేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాపారు. "మై హస్బెండ్!" అన్నారు. ఆయనకట. వాళ్ళ ఊళ్ళో కూడా మిరపకాయలు దండలుగా గుచ్చి ఇంటి ముందు వేలాడదీస్తారనీ, కారపు మిరపకాయ ఊరగాయ లేకపోతే మగవాళ్ళు భోజనానికి కూర్చోరనీ తరువాత తెలిసింది.

మా ఇద్దరికీ కలిసిన భాష అంటూ లేదు. ఆవిడకి కొద్దిగా ఇంగ్లీషు, మార్కెట్లో నేర్చిన అరబీ, కంపెనీ బస్సులో విన్న హిందీ. నాకూ అంతే. అది లేదు అనాలంటే ఇద్దరమూ "మాఫీ" అనేవాళ్ళం, అయిపోయిందంటే "ఖలాస్", ఒకేలా ఉన్నవాటికి "సేమ్ సేమ్". ఆవిడ దేవుడి పటం వంటింటి తూర్పు గోడకి ఉండేది, దాని ముందు చిన్న నూనె దీపం. అదే గోడకి ఇవతల నా పూజ అలమర. ఒకరోజు రెండిళ్ళూ తిరిగి చూసి, గోడ మీద అరచెయ్యి పెట్టి "సేమ్ సేమ్" అన్నారు. నన్ను క్యేర్కో అనేవారు, అమ్మాయీ అని.

బుధ, శుక్రవారాలు ఆవిడ మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. పండగలకి ముందు వారాల తరబడి ముట్టరు. నేను శనివారం ఒంటిపూట ఉంటానని చెబితే నన్ను గౌరవంగా చూశారు. "ఉపవాసం ఉండేవాళ్ళకే తిండి విలువ తెలుసు" అన్నారు. మా ఇంట్లో తరతరాలుగా మాంసం లేదని చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు నమ్మలేదు. "ఎప్పుడూనా? పెళ్ళిళ్ళలో?" అని అడిగారు. "పెళ్ళిళ్ళలో కూడా" అన్నాను. "పాపం పెళ్ళికొడుకు" అన్నారు.

ఇక ఆ రొట్టె సంగతి. దాని పేరు పస్తర్మాయ్లియా. నాకు నోరు తిరగడానికి చాలా రోజులు పట్టింది. పులిసిన పిండిని కోలగా, అంచులు లేపి, చిన్న పడవలాగా చేస్తారు. అందులో ఉప్పు పట్టించి గాలికి ఎండబెట్టిన మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి పరుస్తారు. ఓవెన్‌లో కాలుస్తూ, దించబోయే ముందు పైన గుడ్డు కొడతారు. పక్కన కారపు మిరపకాయ. వాళ్ళ ఊరు పేరు చెబితే ఆ దేశంలో ఎవరైనా ముందు ఈ రొట్టె గురించే అడుగుతారట. మామూలుగా తాజా మాంసంతో చేసేస్తారు కొందరు, కానీ ఆయన ముట్టరు. వాళ్ళమ్మ చేసినట్టు ఎండుమాంసంతోనే ఉండాలి.

అందుకని ప్రతి చలికాలం తేత్కా మాంసం ఎండబెట్టేవారు. మేక తొడ పొడవాటి పట్టీలుగా కోసి, బేసిన్‌లో ఉప్పు వేసి, పైన రాయి పెట్టి కొన్నాళ్ళు ఉంచి, తరువాత దారం కట్టి వెనక వరండాలో గాలికి వేలాడదీసేవారు. మొదటి ఏడు ఆ దండెం మా గోడ వైపే ఉండేది. నేను ఏమీ అనలేదు. నా గుమ్మడి వడియాల పళ్ళేలు మాత్రం మెల్లగా పెరడు అవతలి మూలకి జరుపుకున్నాను. మర్నాడు చూస్తే మాంసం దండెం వాళ్ళింటి రెండో వైపుకి వెళ్ళిపోయింది. ఆవిడా ఏమీ అనలేదు. ఆ వారమే కొత్త రేకు ట్రే ఒకటి కొని, దాని చెవికి ఎర్ర దారం కట్టి, అందులో మాంసం, గుడ్డు లేని పడవ రొట్టె చేసి గోడ మీద పెట్టారు. పైన ఉప్పు, నూనె, నా మిరపకాయలే. "దిస్ ట్రే, ఓన్లీ యూ" అన్నారు. ఆ ట్రేలో ఆవిడ ఇంకేదీ వండలేదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ అబద్ధం ఆడరు.

వంట గురించి ఆవిడ మాటలు కొన్ని నాకు గుర్తుండిపోయాయి. "వంటలో సగం గాలి చేస్తుంది, పేరు మనకొస్తుంది" అనేవారు. "ఆకలి ఉన్నవాడికి వండటం ఏం గొప్ప? ఆకలి లేనివాడి చేత తినిపించు, అప్పుడు నువ్వు వంటమనిషివి" అనేవారు. ఈ రెండో మాట ఆవిడ మీదికే వచ్చింది.

వాళ్ళు వచ్చిన మూడో చలికాలం ఇంజనీరుగారికి న్యుమోనియా పట్టింది. దోహా ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కానీ తిండి లోపలికి పోలేదు. నోరు చచ్చిపోయింది. అన్నం, సూపు, రొట్టె, ఏది పెట్టినా తల తిప్పేసుకునేవారు. అంత భారీ మనిషి మంచానికి అంటుకుపోయారు. తేత్కా రోజూ తెల్లారకముందే ఏదో ఒకటి వండి, డబ్బాలో సర్దుకుని, కంపెనీ బస్సులో దోహా వెళ్ళేవారు. సాయంత్రం అదే డబ్బా నిండుగా తిరిగి వచ్చేది. ఆ బస్సు నడిపేది కరీంనగర్ జిల్లా మనిషి. సాయంత్రం మా గేటు ముందు బస్సు ఆపి నాతో అనేవాడు: "ఇయాల గూడ సారు ఏం దినలేదమ్మా. మేడమ్ దారెంట ఒక్క ముచ్చట మాట్లాడలే."

డాక్టరు చెప్పింది ఒకటే. మందుల పని అయిపోయింది, ఇక తిండి పని మొదలు కావాలి. వచ్చే గురువారం ఇంటికి పంపిస్తాం, ఇంటి దగ్గర కూడా తినకపోతే వెనక్కి తీసుకురండి, ముక్కులోంచి గొట్టం వేస్తాం అని. ఆ మాట చెబుతూ తేత్కా తన ముక్కు పట్టుకున్నారు. "గొట్టం వేస్తే ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆయన నాకు తెలుసు, క్యేర్కో. ఇక లేవడు" అన్నారు. జ్వరంలో ఆయన ఒక్కటే అడిగారట, పస్తర్మాయ్లియా. డాక్టరుని అడిగితే, ఆయన నోట పడేది ఏదైనా సరే, రాయైనా పెట్టండి అన్నాడట.

బేసిన్‌లో మాంసం అప్పటికే ఉప్పులో ఊరి ఉంది. ఆవిడ దాన్ని దండేనికి ఎత్తి, పెరటి గేటువీ వంటింటివీ తాళంచెవులు నా చేతిలో పెట్టారు. "నిన్ను ముట్టుకోమనను. పిల్లి వస్తే తరుము. అంతే" అన్నారు.

పిల్లిని తరిమాను. ఈగలు రాకుండా పల్చటి గుడ్డ కప్పాను. కుర్చీ వేసుకుని, విష్ణు సహస్రనామం చదువుకుంటూ, మాంసానికి కాపలా కూర్చున్నాను. మావారు డ్యూటీ నుంచి వచ్చి గోడ మీద నుంచి చూసి, "ఏమే, ఇక స్వామికి ఏ పేరు మిగిలిందో చూసుకో, మాంసం కాపలాదారు అని ఒకటి కలుపు" అన్నారు. ఉత్తర గాలి చల్లగా, పొడిగా వీస్తూ ఉండేది. పట్టీలు రోజురోజుకీ నల్లబడి గట్టిపడుతున్నాయి. నాకు వాసన అలవాటు కాలేదు గానీ, వడియం ఎండుతున్నప్పుడు కలిగే తృప్తిలాంటిది ఏదో కలిగింది, నిజం చెప్పాలి.

మంగళవారం పొద్దున లేచేసరికి గాలి లేదు. సముద్రం వైపు నుంచి పొగమంచు కమ్మేసింది. గోడ కూడా సరిగా కనబడటం లేదు. తేత్కా బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. గేటు తీసుకుని వెళ్ళి చూస్తే కప్పిన గుడ్డ తడిసి ముద్దైంది, పట్టీల కొసల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఎండుతున్న వస్తువుకి తడి తగిలితే ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. దగ్గరికి వెళితే అప్పటికే కొద్దిగా పులుపు వాసన వేస్తోంది.

ఆఫీసుకి ఫోన్ చేశాను. "ఏవండీ, మీరొకసారి వచ్చి అవి లోపల పెట్టరూ?"

"నేను డ్రాయింగు మీద ఉన్నాను, మాంసం మీదికి ఎలా వస్తాను? పోతే పోనీ, ఇంకో తొడ కొనుక్కుంటారు."

"గురువారానికి ఎలా ఎండుతుందండీ?"

"నువ్వు ముట్టుకుంటావా ఏమిటి కొంపదీసి?" అన్నారు.

నేను పూజ అలమర ముందు నిలబడ్డాను. పెద్ద ప్రార్థనలేమీ చెయ్యలేదు. "స్వామీ, ఒక మనిషి అన్నం తినాలి" అన్నాను, అంతే. కొంగు నడుముకి బిగించి వెళ్ళాను.

ఒక్కొక్క పట్టీ విప్పి తేత్కా వంటింట్లోకి తెచ్చాను. పొడి గుడ్డతో తుడిచాను. జీవితంలో మొదటిసారి మాంసం ముట్టుకున్నాను. చల్లగా, బరువుగా, తోలు చెప్పులాగా ఉంది. భయపడ్డంత ఏమీ లేదు. తుడిచినా పులుపు వాసన పోలేదు. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే. చెడిపోయేదాన్ని ఆపాలంటే పసుపు. దెబ్బకి పసుపు, ఊరగాయకి పసుపు, గడపకి పసుపు. ఇంటికి పరిగెత్తి డబ్బా తెచ్చి ప్రతి పట్టీకీ ఉప్పూ పసుపూ రుద్దాను. వంటింటి ఫ్యాను కింద తాడు కట్టి వేలాడదీసి, ఫ్యాను పూర్తిగా తిప్పి, ఇంటికి వచ్చి తలస్నానం చేశాను. ఆ పని ఎంత బాగా చేశానో అని మధ్యాహ్నం దాకా మనసులో పొంగిపోయాను కూడా.

సాయంత్రం తేత్కా వచ్చారు. నేను వెంట వెళ్ళాను. వంటింటి గుమ్మంలోనే ఆగిపోయారు. ఫ్యాను కింద పట్టీలన్నీ పచ్చగా, పెళ్ళివారి తోరణంలాగా ఊగుతున్నాయి.

"క్యేర్కో," అన్నారు చాలా మెల్లగా, "వై యెల్లో?"

"పొగమంచు తేత్కా. తడిసిపోయాయి. పసుపు రాశాను. ఇక చెడవు."

ఆవిడ స్టూలెక్కి ఒక పట్టీ దించారు. వాసన చూశారు. వేలితో నొక్కారు. కత్తితో పల్చగా ఒక చీలిక కోసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "గుడ్," అన్నారు చివరికి. "మాసిడోనియా మాఫీ. బట్ గుడ్." అప్పుడు నా చేతులు కనబడ్డాయి ఆవిడకి. స్నానం చేసినా గోళ్ళలో పసుపు పోలేదు. నా రెండు అరచేతులూ తిప్పి చూశారు.

"యూ టచ్?"

"స్నానం చేశానులెండి" అన్నాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ స్టూలు మీద కూలబడి, నా చేతులు తన మొహానికి ఆనించుకుని ఏడ్చారు. కాసేపటికి తేరుకుని, కళ్ళు తుడుచుకుని, అసలు సమస్య చెప్పారు. ఆయన తిండి దగ్గర మొండి మనిషి. వాళ్ళమ్మ చేసిన రంగు, రుచి కాకపోతే పళ్ళెం తోసేస్తారు. ఒంట్లో బాగున్నప్పుడే అంత. ఇప్పుడు ఈ పచ్చ రొట్టె చూసి ఏమంటారో! వెనిగర్‌తో కడిగి చూశాం. వాసన తగ్గింది, రంగు కదల్లేదు. వేరే మాంసానికి టైము లేదు.

బుధవారం బస్సు డ్రైవరు ఆసుపత్రి నుంచి సారు బట్టల సంచీ తెచ్చి వంటింట్లో పెడుతూ పైకి చూశాడు. "తునకలు! మా ఇంటికాడ గిట్లనే ఎండబెడ్తరమ్మా. పసుపు గూడ వెట్టిన్రు. మీరు తినరు గదా, మీకెట్ల ఎరుక?" అని ఆవిడ వైపు తిరిగి, "మేడమ్, మై మదర్ సేమ్ సేమ్!" అన్నాడు.

తేత్కా ఆశగా, "యువర్ మదర్, యెల్లో?" అని అడిగారు.

"యెస్ మేడమ్, ఫుల్ యెల్లో!"

"హిజ్ మదర్ యెల్లో," అన్నారు ఆవిడ నాతో నిట్టూర్చి, "మై హస్బెండ్ మదర్, నాట్ యెల్లో."

గురువారం మధ్యాహ్నం ఆయన్ని తీసుకొచ్చారు. ఇద్దరు పట్టుకుంటే గాని మెట్లెక్కలేకపోయారు. కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. తేత్కా పొద్దున్నే పిండి కలిపి ఉంచారు. ముక్కలు కోసి, పడవలో పరిచి, ఓవెన్‌లో పెట్టారు. నేను మా పెరట్లో గోడ దగ్గర నిలబడ్డాను. వాళ్ళ కిటికీ తెరిచే ఉంది. కాలుతున్న పిండి వాసన, ఆ వెనకే నా పసుపు వాసన. మా ఇంట్లో పులిహోర పోపు వేసినట్టుంది.

పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది. తరువాత చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఆయన గొంతు, బలహీనంగా, ఏదో ప్రశ్న. ఆవిడ జవాబు. నేను స్వామి పేరు తప్పులు తప్పులుగా తలుచుకుంటున్నాను. అప్పుడు రొట్టె అంచు విరిగిన చప్పుడు. ఎండు కొమ్మ విరిగినట్టు. తరువాత ఆయన మాట, ఈసారి కొంచెం గట్టిగా. ఇంకోసారి, ఇంకా గట్టిగా.

వంటింటి తలుపు తెరుచుకుని తేత్కా గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మొహమంతా పిండి. "గొణుగుతున్నాడు!" అన్నారు. ఏ భాషలో అన్నారో గుర్తులేదు, నాకు అర్థమైంది మాత్రం అది. "వాళ్ళమ్మ చేసినట్టు లేదట. ఇది రొట్టా, రంగు డబ్బానా అంటున్నాడు. మిరపకాయ ఏదీ అంటున్నాడు. అంటూ తింటున్నాడు. గొణిగితే బతుకుతాడు, క్యేర్కో, గొణిగితే బతుకుతాడు!" నేను ఇంట్లోకి పరిగెత్తి ఊరమిరపకాయల జాడీ మొత్తం తెచ్చి గోడ మీద నుంచి ఇచ్చేశాను. ఆ రోజు తరువాత ఆయనకి గొట్టం అవసరమే పడలేదు. ఉద్యోగం పూర్తయ్యేదాకా దుఖాన్‌లోనే చేశారు, ఉన్నన్నాళ్ళూ ఆ పచ్చ రొట్టెని తిడుతూనే ఉన్నారు.

కొంతసేపటికి నేను మళ్ళీ పెరట్లోకి వచ్చాను. ఆయన కుర్చీలోనే నిద్రపోయినట్టున్నారు, ఇల్లు సద్దుమణిగింది. తేత్కా వెనక మెట్ల మీద ఒక్కరే కూర్చున్నారు, ఒళ్ళో బేకింగ్ ట్రే. ఆయన వదిలేసిన అంచులు, మాడిన కొసలు, ట్రేకి అంటుకున్న ముక్కలు గీరుకుని తింటున్నారు. అప్పుడు చూశాను ఆవిడ గౌను భుజాల దగ్గర ఎంత వదులైపోయిందో. అన్ని రోజులూ ఆయన తిన్నారా లేదా అని అందరం అడిగాం. ఆ డబ్బా నిండుగా తిరిగి వచ్చినప్పుడు ఆవిడైనా అందులోంచి ఒక ముద్ద తిన్నారా అని ఎవరికీ తోచలేదు. చిన్నపిల్లలాగా రెండు చేతులతో, తొందర తొందరగా తింటున్నారు. గుడ్డు సొన చుబుకం మీదికి కారింది, తుడుచుకోలేదు. నేను గోడ దగ్గర ఉన్నానని చూశారు. సిగ్గుపడలేదు. నోటినిండా రొట్టెతో, ఆగు అన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి, నములుతూనే ఉన్నారు. మళ్ళీ ఉత్తర గాలి మొదలైంది. తలకి కట్టిన తెల్లగుడ్డ కొస ఎగిరి బుగ్గకి తగులుతుంటే, మోచేత్తో దాన్ని పక్కకి తోసుకుంటూ, ఇంకొక ముక్క అందుకున్నారు.